వశీకరణమనే సాకు: భయానక చిత్రాల్లో సమ్మోహనం, ఇచ్ఛ, బాధ్యత

భయానక, ఉత్కంఠభరిత చిత్రాలపై వెలువడే విమర్శలో ఒక సమీకరణం దాదాపు స్థిరపడిపోయింది. తెర మీద సమ్మోహకుడు కనిపించగానే విమర్శకుడు అతనిలో నియంతను చూస్తాడు. అతని చూపులో రాజ్యాధికారాన్ని, అతని ఎదుట సొమ్మసిల్లిన మనిషిలో ప్రజలను చూస్తాడు. మరొక అడుగు ముందుకు వేసి, చీకటి హాలులో వెలిగే తెరనే సమ్మోహకుడిగా, ప్రేక్షకులను నిద్రలో నడిచేవారిగా వర్ణిస్తాడు. వినడానికి సొంపైన ఈ సమీకరణం పరీక్షకు నిలవకుండానే తరం నుంచి తరానికి చేతులు మారుతోంది. ఇది ఆ చిత్రాల కథనానికి విరుద్ధం. సమ్మోహనం గురించి వైద్య, న్యాయ చరిత్రలు చెప్పే విషయాలకు విరుద్ధం. తెలుగు సాహిత్యం ఏనాడో చేసిపెట్టిన విభజనకూ విరుద్ధం. అంతకన్నా ముఖ్యంగా, ఇది రెండు అన్యాయాలకు ఒకేసారి తోవ తీస్తుంది. బలవంతుడు చేసిన నేరాన్ని అతని ఖాతాలోంచి తీసివేస్తుంది. బలహీనుడు చేసుకున్న ఎంపికను అతనిది కాకుండా చేస్తుంది.

రెండు మాటలు, రెండు అర్థాలు

హిప్నాటిజానికి తెలుగులో సమ్మోహనం, వశీకరణం అనే మాటలను పర్యాయపదాలుగా వాడడం పరిపాటి అయింది. అనువాదకుడికి ఇది సౌకర్యం కావచ్చు గాని, విమర్శకుడికి ప్రమాదం. ఈ రెండు మాటల వెనుక రెండు వేర్వేరు భావనలున్నాయి.

విరాటపర్వంలోని ఉత్తరగోగ్రహణ ఘట్టంలో అర్జునుడు కౌరవసేనపై సమ్మోహనాస్త్రాన్ని ప్రయోగిస్తాడు. సేన స్పృహ తప్పుతుంది. ఉత్తరుడు రథం దిగి, చెల్లెలి బొమ్మపొత్తికల కోసం వీరుల వస్త్రాలను తెస్తాడు. ఆ అస్త్రం కౌరవుల చేత కౌరవులను చంపించలేదు. వారి ఇచ్ఛను తీసి అర్జునుడి చేతిలో పెట్టలేదు. కొంతసేపు నిలిపివేసింది, అంతే. పైగా భీష్ముడు దానికి లొంగడు. ఆయన దగ్గరకు పోవద్దని అర్జునుడే ఉత్తరుణ్ణి హెచ్చరిస్తాడు. సమ్మోహనానికి హద్దు ఉందనీ, దాన్ని ప్రయోగించేవాడికీ ఆ హద్దు తెలుసుననీ ఈ ఘట్టం చెబుతుంది.

వశీకరణం దీనికి భిన్నం. తంత్రశాస్త్రం చెప్పే షట్కర్మల్లో వశ్యం, స్తంభనం వేర్వేరు కర్మలు. ఒకరి ఇచ్ఛను మరొకరికి స్వాధీనం చేయడం వశ్యం. అటువంటిది సాధ్యమనే నమ్మకాన్ని భారతకథే నిలదీసిన సందర్భం అరణ్యపర్వంలో ఉంది. ఎఱ్ఱన పూరించిన భాగంలో వచ్చే ద్రౌపదీ సత్యభామల సంవాదం అది. అయిదుగురు భర్తలు నీ మాట జవదాటకపోవడానికి ఏ మంత్రమో, ఏ మందో కారణమా అని సత్యభామ అడుగుతుంది. ద్రౌపది ఆ ప్రశ్ననే తప్పుపడుతుంది. మందులు పెట్టిన స్త్రీల వల్ల భర్తలు రోగగ్రస్తులయ్యారే తప్ప వశులు కాలేదంటుంది. తమ దాంపత్యానికి ఆధారం నిత్య శ్రమ, ఎరుక, నడవడి అని వివరిస్తుంది. ఆమె చెప్పిన దాంపత్య ధర్మాన్ని నేడు ఎవరైనా ప్రశ్నించవచ్చు. ఒక మనిషి మరొక మనిషి మాట వినడానికి కారణాలను మంత్రంలో కాక సంబంధంలో వెతకాలన్న ఆమె పద్ధతిని మాత్రం కాదనడం కష్టం. సమ్మోహన చిత్రాల విమర్శకు కావలసిన పనిముట్టు ఇదే.

అవిధేయుడైన నిద్రాచరుడు

ఈ చిత్రాల వంశవృక్షానికి మొదట చెప్పే పేరు రాబర్ట్ వీనె దర్శకత్వంలో 1920లో విడుదలైన జర్మన్ మూకీ చిత్రం ‘డాక్టర్ కాలిగరి కేబినెట్’. తిరనాళ్లలో డేరా వేసిన కాలిగరి, పెట్టెలో నిద్రించే చెజారెను రాత్రివేళ హత్యలకు పంపుతాడు. సీగ్‌ఫ్రీడ్ క్రాకావర్ 1947లో ప్రచురించిన ‘కాలిగరి నుంచి హిట్లర్ వరకు’ అనే గ్రంథంలో ఈ కథను ఒక జాతి మనస్సుకు దర్పణంగా చదివాడు. నిర్బంధ సైనిక సేవ పేరిట చంపడానికీ చావడానికీ తర్ఫీదు పొందిన సామాన్యుడికి చెజారెను ప్రతీకగా చూశాడు. రచయితలు యానోవిట్స్, మాయెర్ అధికారంపై తిరుగుబాటుగా రాసిన కథను, కథకుడే పిచ్చివాడని తేల్చే బయటి చట్రం తలకిందులు చేసిందని వాదించాడు. ఆయన దీనికి యానోవిట్స్ జ్ఞాపకాలపై ఆధారపడ్డాడు. తరువాత వెలుగు చూసి 1995లో ప్రచురితమైన చిత్రానువాద ప్రతిలోనూ మరో రూపంలో ఒక చట్రం ఉంది. బయటివారు బలవంతంగా తగిలించిన చట్రమన్న వాదానికి ఆ ప్రతితో పునాది సడలింది.

అంతకన్నా పెద్ద లోపం కథ చదవడంలోనే ఉంది. జేన్‌ను చంపమని పంపితే చెజారె చంపడు. ఎత్తిన కత్తిని వదిలేసి, ఆమెను ఎత్తుకొని ఇళ్ల కప్పుల మీదుగా పారిపోతాడు. వెంటపడినవారికి చిక్కేలోగా ఆమెను విడిచి కుప్పకూలుతాడు. ఆ అవిధేయత శుద్ధమైన కరుణ కాదు, అపహరణ కూడా నేరమే. అయినా అది యజమాని ఆజ్ఞ కాదు. నిద్రాచరుణ్ణి తెరపై నిలబెట్టిన తొలి ప్రసిద్ధ చిత్రంలోనే నిద్రాచరుడు ఆజ్ఞ మీరాడు. కథ మలుపు తిరిగేదే అక్కడ. ఈ మలుపును పక్కన పెడితేనే చెజారె ‘ఇచ్ఛలేని ప్రజ’కు ప్రతీక కాగలడు.

ఆ ప్రతీకను చరిత్రకు అన్వయిస్తే లోపం మరింత బయటపడుతుంది. 1932 జులై ఎన్నికల్లో నాజీ పార్టీకి పోలైన ఓట్లలో సుమారు 37 శాతం వచ్చాయి. జర్మనీ యావత్తూ సమ్మోహితమైందంటే, మిగిలిన 60 శాతానికి పైబడిన ఓటర్ల నిరాకరణకు విలువ లేదన్నట్లే. ఆ 37 శాతం తమ కోపంతో, భయంతో, ఆశతో, ద్వేషంతో ఆలోచించి వేసిన ఓటుకు బాధ్యత లేదన్నట్లే. ఒక్క ప్రతీకతో ఎదిరించినవారి ధైర్యమూ సమర్థించినవారి నేరమూ కొట్టుకుపోతాయి.

తెర వెనుక లౌడ్‌స్పీకర్

ఫ్రిట్స్ లాంగ్ చిత్రాలు ఈ విషయంలో విమర్శకుల కన్నా నిశితమైనవి. 1922 నాటి ‘డాక్టర్ మాబూజె’లో పేకాట బల్ల దగ్గర మాబూజె ప్రాసిక్యూటర్ ఫాన్ వెంక్‌ను లొంగదీయబోతాడు, వెంక్ నిలదొక్కుకుంటాడు. తరువాత ఒక ప్రదర్శనశాలలో లొంగి, మృత్యువు వైపు కారు నడుపుతూ పోతాడు. ఒకే మనిషి ఒకచోట నిలిచాడు, మరొకచోట లొంగాడు. తేడా కేవలం చూపుదే అయితే రెండుచోట్లా ఫలితం ఒకటే కావాలి. పరిస్థితి, వేదిక, ప్రేక్షకుల సమక్షం మారాయి.

1933లో పూర్తై, జర్మనీలో నిషేధానికి గురైన ‘డాక్టర్ మాబూజె వీలునామా’ ఇంకొంత ముందుకు వెళ్తుంది. ముఠా సభ్యులు ఒక గదిలో తెర ముందు నిలబడి యజమాని ఆజ్ఞలు వింటారు. చివరకు తెర తొలగిస్తే అక్కడ మనిషి లేడు, లౌడ్‌స్పీకర్ ఉంది. ముఠాను నడిపింది చూపు కాదు. జీతం, శిక్షాభయం, ఒకరి పని మరొకరికి తెలియనివ్వని పని విభజన. ఆ గదికి దారి తెలిసి, తలుపు తీసుకొని, తమ కాళ్లతో నడిచి వచ్చినవారే అక్కడ నిలబడ్డారు. సమ్మోహకుడి కోసం తెర వెనక్కి చూస్తే అక్కడ సంస్థ కనిపిస్తుందని చెప్పిన చిత్రాన్ని, సమ్మోహకుడి మహిమకు సాక్ష్యంగా ఉదాహరించడం విచిత్రం.

న్యాయస్థానం, ప్రయోగశాల

చిత్రాలు పుట్టకముందే ఈ ప్రశ్న న్యాయస్థానానికి వచ్చింది. 1889లో పారిస్‌లో గూఫె అనే కోర్టు అధికారి హత్యకు గురయ్యాడు. 1890 డిసెంబరులో జరిగిన విచారణలో గాబ్రియెల్ బొంపార్ తరఫున, ఆమె సహచరుడు మిషెల్ ఎరో ఆమెను హిప్నటైజ్ చేసి నేరంలోకి దింపాడనే వాదన వచ్చింది. నాన్సీ విద్యాసంప్రదాయానికి చెందిన న్యాయశాస్త్ర ఆచార్యుడు లియెజ్వా ఆమె పక్షాన వాంగ్మూలమిచ్చాడు. సమ్మోహనంతో నేరం చేయించవచ్చా అన్నదానిపై నాన్సీ, పారిస్ వైద్యుల మధ్య అప్పటికే వివాదం నడుస్తోంది. జ్యూరీ ఆ వాదనను అంగీకరించలేదు. ఎరోకు మరణశిక్ష, బొంపార్‌కు 20 ఏళ్ల కఠిన శిక్ష పడ్డాయి. శిక్షలో తేడా చూపుతూనే ఇద్దరినీ బాధ్యులుగా నిలిపిన ఆ తీర్పు, తరువాతి సినిమా విమర్శ కన్నా సూక్ష్మంగా ఆలోచించింది.

మార్టిన్ ఆర్న్, ఫ్రెడరిక్ ఎవన్స్ 1965లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ కీలకం. సమ్మోహితులను విషసర్పాన్ని పట్టుకోమన్నారు, ఆమ్లంలో చేయి పెట్టమన్నారు, ఆమ్లాన్ని ఎదుటివాడిపై చల్లమన్నారు. హాని జరగకుండా రహస్యంగా ఏర్పాట్లు చేశారు. సమ్మోహితుల్లో అత్యధికులు ఆ పనులు చేశారు. అక్కడితో ఆగితే వశీకరణ వాదం గెలిచినట్లే. అయితే సమ్మోహనంలో ఉన్నట్లు నటించమని చెప్పినవారు కూడా అవే పనులు చేశారు. ప్రయోగశాలలో ఎవరికీ నిజమైన హాని జరగనివ్వరనే నమ్మకమే వారిని నడిపింది. ఆజ్ఞ పాటించడానికి సమ్మోహన నిద్ర అవసరం లేకపోయింది. శాస్త్రజ్ఞుడి హోదా, సంస్థపై నమ్మకం చాలాయి.

భారతదేశంలో దీనికి ఇంకా పాత సాక్ష్యం ఉంది. 1845లో బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ మెస్మరిజంతో నొప్పి తెలియకుండా శస్త్రచికిత్సలు మొదలుపెట్టాడు. మొదటి రోగి ఒక ఖైదీ. క్రమంగా ఆ పనిని ఆయన స్థానిక సహాయకులకు అప్పగించాడు. వారు చీకటి గదిలో గంటల తరబడి రోగి శరీరంపైన చేతులు ఆడించేవారు. సినిమాలోని మెరిసే కన్ను అక్కడ లేదు. ఉన్నది ఆసుపత్రి, జైలు, దొర వైద్యుడు, పేద రోగి, కూలి శ్రమ. ఇంత అసమానత నిండిన గదిని వదిలి, కంటిచూపు గురించి మాత్రమే మాట్లాడితే చరిత్రలో ముఖ్యమైన భాగమే జారిపోతుంది.

ఇక్కడ ఒక ప్రత్యుదాహరణను దాటవేయకూడదు. 1951లో కోపెన్‌హాగన్‌లో పాలె హార్‌డ్రుప్ బ్యాంకు దోపిడీలో ఇద్దరిని చంపాడు. అతణ్ణి సమ్మోహనంతో ప్రేరేపించాడన్న అభియోగంపై, హత్యాస్థలంలో లేని బ్యోర్న్ నీల్సెన్‌కు 1954లో యావజ్జీవ శిక్ష పడింది. వశీకరణ వాదులకు ఇది బలమైన ఆధారంగా కనిపిస్తుంది. ఆ కథలో ఉన్నది ఒక్క చూపు కాదు. ఇద్దరూ జైలులో కలిశారు. ఏళ్ల తరబడి సహవాసం, యోగం, దైవసందేశాల పేరిట బోధ, డబ్బు సాగాయి. లోకం నుంచి వేరుపడిన ఒక మనిషిపై మరొకడు సాధించిన దీర్ఘకాలపు పట్టు అది. దానికి శిక్ష ఉండాలి. కాని దాని పేరు మంత్రం కాదు. కనుకనే దాన్ని విచారించడం, అడ్డుకోవడం సాధ్యమవుతాయి.

మంచూరియా ముద్దాయి

కొరియా యుద్ధకాలంలో ‘బ్రెయిన్‌వాష్’ అనే మాట అమెరికాలో ప్రచారంలోకి వచ్చింది. యుద్ధఖైదీల్లో 21 మంది అమెరికన్ సైనికులు స్వదేశానికి తిరిగి రావడానికి నిరాకరించినప్పుడు, వారు తమంత తాముగా నిరాకరించి ఉండవచ్చునన్న ఊహ కన్నా వారి మెదడును ఎవరో కడిగారన్న ఊహే ఆ సమాజానికి సుఖంగా అనిపించింది. రిచర్డ్ కాండన్ నవల ఆధారంగా జాన్ ఫ్రాంకెన్‌హైమర్ 1962లో తీసిన ‘ద మంచూరియన్ కాండిడేట్’ ఆ వాతావరణంలోనిది. సమ్మోహితుడు తన నైతిక స్వభావానికి విరుద్ధమైన పని చేయడనడం వట్టి మాట అని అందులో డాక్టర్ యెన్ లో బాహాటంగానే అంటాడు. రేమండ్ షా డైమండ్ రాణిని చూసి ఆజ్ఞలు పాటిస్తాడు, భార్యనూ మామనూ చంపుతాడు.

వశీకరణ వాదానికి ఇంతకన్నా బలమైన చిత్రం దొరకదు. ఆ చిత్రం కూడా చివరికి ఆ వాదాన్ని వదులుకుంటుంది. షా తుపాకీని అభ్యర్థి మీద నుంచి తిప్పి తల్లినీ సవతి తండ్రినీ కాల్చి, తరువాత తనను తాను కాల్చుకుంటాడు. అది ఎవరి ఆజ్ఞా కాదు. ఇంకొక విషయం: సెనేటర్ ఐజ్లిన్ జాబితాలంటూ గాలిలో ఊపిన కాగితాలకు చప్పట్లు కొట్టినవారికి ఎవరూ రాణి బొమ్మ చూపలేదు. చిత్రంలోని అసలు భయం అక్కడుంది. విమర్శ మాత్రం పేకముక్క దగ్గరే ఆగింది.

ఎవరి ఎంపిక, ఎవరి మాయ

వశీకరణ వాదం రెండో అన్యాయం స్త్రీల విషయంలో, అణచివేతకు గురైనవారి విషయంలో స్పష్టమవుతుంది. జార్జ్ డు మోరియే 1894 నాటి నవల ‘ట్రిల్బీ’లో స్వెంగాలి అనే యూదు సంగీతజ్ఞుడు శ్రుతిజ్ఞానం లేని యువతిని సమ్మోహనంతో మహాగాయనిగా మారుస్తాడు. ఈ నవల పలుమార్లు సినిమా అయింది. 1931 చిత్రంలో జాన్ బారిమోర్ స్వెంగాలిగా నటించాడు. స్త్రీ ప్రతిభ ఆమెది కాదు, ఆమె ఎవరితో వెళ్లిందో అది ఆమె నిర్ణయం కాదు, ఆమెను చెడగొట్టినవాడు పరజాతివాడు: మూడు దురభిప్రాయాలను ఒకే పాత్ర మోసింది.

తెలుగు నేలపై ఈ మూడింటికీ పలుకుబళ్లున్నాయి. కొడుకు భార్య మాట వింటే ‘మందు పెట్టింది’ అంటారు. కూతురు వేరే కులం యువకుణ్ణి పెళ్లాడితే ‘మాయ చేశాడు’, ‘వశం చేసుకున్నాడు’ అంటారు. మొదటి మాటలో కొడుకు నిర్ణయం కోడలి నేరమవుతుంది. రెండో మాటలో కూతురి నిర్ణయం లేకుండానే పోతుంది. ఆమెకు నిర్ణయం లేదన్నాక, ఆమెను ‘విడిపించే’ పేరిట జరిగే హింసకు సమర్థన సిద్ధమవుతుంది. ఊళ్లో జబ్బులు, చావులు వస్తే బాణామతి, చేతబడి చేశారంటూ ఎక్కువగా నిస్సహాయులైన వృద్ధులపై, ఒంటరి స్త్రీలపై, అట్టడుగు కులాలవారిపై దాడులు, హత్యలు జరిగాయి. ఒకరి చూపు, ఒకరి తలపు మరొకరి ప్రాణాన్ని శాసించగలవన్న నమ్మకం ఆ దాడుల వెనుక ఉంది. అదే నమ్మకాన్ని హిప్నాటిజం అనే ఆధునిక నామంతో తెరకెక్కించినప్పుడు, అది శాస్త్రమైనట్లు తోచడమే ప్రమాదం. భయానక సాహిత్యంపై తెలుగులో నడిచిన వాదోపవాదాలు ఎక్కువగా దీన్ని మూఢనమ్మకం, శాస్త్రం అనే ద్వంద్వంలో చూశాయి. సమ్మోహనం శాస్త్రం వైపు నిలబడి కనిపించడం వల్ల ఆ వడపోతను సులువుగా దాటిపోయింది.

తమిళంలో తయారై 2011లో తెలుగులోనూ విడుదలైన మురుగదాస్ చిత్రం ‘సెవెన్త్ సెన్స్’ ఇందుకు నిదర్శనం. చైనా నుంచి వచ్చిన డోంగ్ లీ చూపు తగలగానే దారిన పోయేవారు హంతకులవుతారు. వారికి పేర్లు లేవు, తరువాతి కథ లేదు. తమ చేతులతో జరిగిన దానిని వారు తలచుకునే దృశ్యం ఒక్కటి లేదు. ఇక్కడ కూడా సమ్మోహకుడు పరదేశి కావడం యాదృచ్ఛికం కాదు. స్వెంగాలి వంశమే ఇది. శంకర్ 2005లో తీసిన ‘అపరిచితుడు’లో సమ్మోహనం మరో పని చేస్తుంది. మానసిక వైద్యుడు రామానుజాన్ని హిప్నటైజ్ చేసి అతనిలోని మిగిలిన వ్యక్తిత్వాలను బయటికి రప్పిస్తాడు. ఆ దృశ్యంతో వరుస హత్యలు రోగలక్షణాలవుతాయి. చికిత్స తరువాత విడుదలైన రామానుజం రైలులో మరో హత్య చేసినప్పుడు, ఈసారి ఎరుకతోనే చేశాడని చిత్రం తెలియజేస్తుంది. సాకు అక్కడ తొలగిపోయింది. హీరోపై మోజు తొలగలేదు.

నిలిచిన ఇచ్ఛ

ఈ వాదానికి ఎదురయ్యే సహజమైన ఆక్షేపం ఒకటి ఉంది. ప్రచారం, వ్యాపార ప్రకటన, మతోన్మాదం మనస్సులను లోబరచుకోవడం నిజం కాదా? నిజమే. ఆ ప్రభావాలకు కారణాలు, ధనం, సంస్థలు, లబ్ధిదారులు ఉన్నందువల్లే వాటిని సమ్మోహనం అనకూడదు. అలా అన్న క్షణం పరిశీలన ఆగిపోతుంది.

ఉత్తమ చిత్రాలు ఈ పరిశీలనను ఆపలేదు. కియోషి కురొసావా 1997లో తీసిన జపాన్ చిత్రం ‘క్యూర్’లో మామియా ఎవరినీ కొత్త మనిషిగా మార్చడు. నువ్వెవరు అని అడుగుతూ పోతాడు. భర్తగా, పోలీసుగా, వైద్యురాలిగా అణచిపెట్టుకున్న కసి ఆ ప్రశ్నకు బయటపడుతుంది. సమ్మోహనం మనిషి మౌలికమైన నీతిబోధను మార్చలేదని అందులో మానసిక వైద్యుడే చెబుతాడు. ఆ మాట ఊరట కలిగించే బదులు వణుకు పుట్టిస్తుంది. జోర్డన్ పీల్ 2017 నాటి ‘గెట్ అవుట్’లో టీకప్పులో చెంచా తిప్పుతూ మిస్సీ ఆర్మిటేజ్, క్రిస్‌ను అడుగులేని చీకటిలోకి దించుతుంది. అయితే అతను అక్కడి నుంచి చూస్తూనే ఉంటాడు. అతని శరీరాన్ని పూర్తిగా స్వాధీనం చేసుకోవడానికి ఆ కుటుంబానికి సమ్మోహనం చాలదు. శస్త్రచికిత్సతో మరొకరి మెదడు పెట్టాలి, అంతకుముందు నల్లజాతి దేహాన్ని వేలం వేయాలి. బానిసత్వ చరిత్రలో పత్తి ఏరిన చేతుల వారసుడు కుర్చీలోని దూదిని చెవుల్లో పెట్టుకొని బయటపడతాడు. విరాటపర్వపు పరిభాషలో ఇది సమ్మోహనమే, వశీకరణం కాదు.

ఈ చిత్రాలను బోధించేటప్పుడు, వీటిపై పరిశోధన చేసేటప్పుడు ఈ రెండు మాటలను వేరుగా ఉంచడం మొదటి పని. ప్రతి సమ్మోహన దృశ్యంలోనూ అడగవలసిన ప్రశ్నలు మూడు. సమ్మోహితుడు ఎక్కడ ఆజ్ఞ మీరాడు? సమ్మోహకుడి వెనుక ఏ సంస్థ, ఏ డబ్బు, ఏ అంతస్తు ఉన్నాయి? ఈ కథ ఎవరి నేరాన్ని మాపి, ఎవరి ఎంపికను చెరిపింది? ఈ ప్రశ్నలు అడగని విమర్శ, కోడలు మందు పెట్టిందని నమ్మే ఇంటి కన్నా ఎక్కువ చదువుకున్న భాషలో అదే మాట చెబుతుంది.